ఇంట్లో పల్లం ఎటు ఉందో చూడండి

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాకు 49 ఏళ్లు. మావారిది కొబ్బరి వ్యాపారం. మా మామగారి నాటి మండువా లోగిలి పాతబడి పెంకులు కారుతుంటే, పడగొట్టి రెండేళ్ల క్రితం డాబా కట్టుకున్నాం. కింద హాలు, వంటగది, రెండు పడగ్గదులు. వెనకవైపు మేడ మీద ఇంకో రెండు గదులు, ముందువైపు డాబా ఖాళీ. అన్ని పడగ్గదుల్లోనూ ఏసీలు పెట్టించాం. వీధివైపు ఎత్తుగా ప్రహరీ, రేకు గేటు. చూసినవాళ్లంతా ఇల్లు బాగుందన్నారు. కానీ ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ మాటలు తగ్గిపోయాయండి. అబ్బాయి పై గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తాడు. అమ్మాయి ఇంటర్, పుస్తకాలతో పైనే ఉంటుంది. ఇద్దరికీ కంచాలు పైకే పంపుతాను. మావారు టీవీ ముందు తింటారు. మా అత్తగారికి 78. పాతింట్లో సాయంత్రమయ్యేసరికి అరుగు మీద కూర్చుని దారిన పోయే అందర్నీ పలకరించేవారు. ఇప్పుడు వెనక గదిలో మంచం దిగడం లేదు. పగలు కునికిపాట్లు, రాత్రి నిద్ర ఉండదు.

నాకూ మనసు బాగుండడం లేదు. యూట్యూబ్‌లో విని, రోజూ జరిగిన మంచి విషయాలు రాసుకోవాలని డైరీ కొన్నాను. తొమ్మిది రోజులు రాశాను. ధ్యానానికి ఫోన్లో యాప్ వేసుకున్నాను, నాలుగు రోజులు చేశాను. కాలువ గట్టు మీద నడక ఒక వారం. ఏదీ నిలవడం లేదు. నాలో పట్టుదల లేదా? ఇంటికి వాస్తు దోషం ఉందా? ఇంటీరియర్ డిజైనర్ని పిలిచి లోపలంతా మార్పిస్తే బాగుంటుందా?
— ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసుకుంటూ పోయిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. "అన్ని పడగ్గదుల్లోనూ ఏసీలు పెట్టించాం" అన్నారు. హాలు ఊసు లేదు. మీ ఇంట్లో మాటలు ఎందుకు తగ్గాయో అక్కడి నుంచే చెప్పుకొస్తాను.

ఇళ్ల ప్లాన్లు గీసే పనిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. పుట్టి పెరిగింది వశిష్ఠ గోదావరి ఒడ్డున, మండువా ఇంట్లోనే. మీ పాతిల్లు ఒకసారి తలుచుకోండి. నడిమధ్య ఆకాశం కనిపించే మండువా, చుట్టూ నాలుగు పక్కలా వసారా, లోపలికి వాలిన పెంకుల కప్పు. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది కదా, ఆ ఖాళీలోంచి బయటికి పోయేది. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఎదురెదురుగా ఉండడం వల్ల గాలి ఇల్లంతా దాటుకుంటూ వెళ్లేది. మిట్టమధ్యాహ్నం ఇంట్లో అన్నిటికంటే చల్లని చోటు ఆ మండువా పక్క వసారానే. అందుకే అందరూ అక్కడికి చేరేవాళ్లు. బియ్యం ఏరడం, పూలు కట్టడం, కొబ్బరి లెక్కలు, పిల్లల చదువులు, ఒక కునుకు, అన్నీ అక్కడే. రమ్మని ఎవరూ ఎవర్నీ పిలిచేవాళ్లు కాదు.

ఇప్పుడు డాబా సంగతి చూడండి. పైన ఏమీ లేని కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండ తాగి, పొద్దు వాలాక ఆ వేడిని మెల్లగా గదిలోకి వదులుతుంది. మన వైపు గాలిలో చెమ్మ ఎక్కువ, చెమట ఆరదు. రాత్రి ఏడెనిమిదింటికి, అంటే ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చునే వేళకి, మీ హాలు ఉడికిపోతుంటుంది. అదే వేళకి పడగ్గది చల్లగా ఉంటుంది. చల్లదనం ఎటుంటే మనుషులు అటు పోతారు. పాతింట్లో ఆ చల్లదనం ఉమ్మడి ఆస్తి. కొత్తింట్లో దాన్ని గదికింత అని పంచేశారు, పైగా అది తలుపు వేసుకుంటేనే నిలుస్తుంది. పిల్లలు పైన ఉండిపోతున్నది మీ మీద ప్రేమ తగ్గి అని దయచేసి అనుకోకండి.

నీరు పల్లమెరుగు అంటారు. ఈ మాట మన డెల్టా వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. గోదావరిలో నీళ్లు ఎప్పుడూ ఉన్నాయి, కానీ పక్కనున్న పొలాలకు ఎక్కేవి కావు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి, నీటి మట్టాన్ని కాస్త పైకి లేపి, అక్కడి నుంచి వాటం చూసి కాలువలు తవ్వించాడు. నీళ్లు తోయడానికి మోటారు లేదు, మనిషి లేడు. మీరు నడకకు వెళ్లిన ఆ గట్టు పక్కన ఇప్పటికీ నీళ్లు ఆ వాటానికే పోతున్నాయి. ఇంట్లో రోజు గడిచే తీరు కూడా నాకు ఇలాగే కనిపిస్తుంది. మీరు డైరీని, ధ్యానాన్ని, నడకను మెరక మీదికి ఎక్కించాలని చూశారు. తొమ్మిది రోజులు ఎక్కించారంటే పట్టుదల తక్కువేమీ కాదు. కానీ ఎవరైనా ఎన్నాళ్లు తోస్తారు? అలసిపోయిన రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు నీళ్లు వెనక్కి జారిపోతాయి.

డిజైన్ అంటే ఫాల్స్ సీలింగు, టీవీ వెనక చెక్క పలకలు, రంగు లైట్లు అని అందరూ అనుకుంటున్నారు. ఏ వస్తువు ఎక్కడుంటే ఏ పని తేలికవుతుందో ముందే ఆలోచించి అక్కడ పెట్టడమే డిజైన్ అని నా నమ్మకం. కాబట్టి ఇప్పుడే ఎవర్నీ పిలవకండి. వాస్తు అంటారా, నమ్మకం మీ ఇంటిది, నేను కాదనను. ఈశాన్యం పల్లంగా ఉందో లేదో చెప్పేవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు. గోడ పగలగొట్టించే ముందు ఒక కుర్చీ జరిపి చూడండని మాత్రం అడుగుతున్నాను.

ఆ కుర్చీ మీ అత్తగారిది. ముందు ఆవిడ సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ఇల్లు మారినందువల్ల అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆవిడే.

నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. ఇరవై ఏళ్ల క్రితం పాలకొల్లులో మా అమ్మకు ఇల్లు కట్టించాను. పెరట్లో సన్నజాజి పందిరి, దాని కింద రాతి బల్ల, పక్కనే సపోటా చెట్టు. అమ్మ సాయంత్రాలు అక్కడ కూర్చుంటుందని ఎంతో ఇష్టంగా గీశాను. అమ్మ అక్కడ పట్టుమని పది రోజులు కూర్చోలేదు. ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కెళ్లి గేటు పక్కన, చెప్పులు విడిచే చోట వేసుకుంది. ఎన్నిసార్లు చెప్పినా అక్కడే. ఒకరోజు నేనే వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని చూశాను. బడి వదిలిన పిల్లలు, కూరల బండి, గుడికి వెళ్లే ఆడవాళ్లు, సైకిలాపి "ఏం పిన్నిగారూ, మోకాళ్లు ఎలా ఉన్నాయి" అని అడిగే మనిషి. అమ్మకు కావలసింది ఆ దారి. చెట్లు చూపించి మనుషుల్ని దాచేశాను నేను. ఆ తరవాత పెద్దవాళ్లున్న ఏ ఇంటికి ప్లాను గీసినా, వాళ్లు ఎక్కడ కూర్చుంటే ఎవరు కనిపిస్తారన్నది మొదట అడుగుతున్నాను.

మీ ప్రహరీ ఎత్తు, గేటు రేకు. అంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చి కూర్చున్నా ఆవిడకు కనిపించేది గోడే. అందుకని మొదటి ఖర్చు గేటు మీద పెట్టండి. గేటంతా మార్చక్కర్లేదు. పై సగం రేకు కోసి ఊచలు పెట్టమంటే వెల్డింగ్ షాపు వాళ్లు పెడతారు. గేటుకు రెండు మూడు గజాల లోపల, నీడ పట్టున, వీధికి ఎదురుగా ఒక సిమెంటు అరుగు కట్టించండి. ఎత్తు 17 లేక 18 అంగుళాలు ఉండాలి, అంటే కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. సోఫా లోతుగా, పల్లంగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అందులోంచి లేవలేక కూర్చోవడమే మానేస్తారు. అరుగుకు వీపు ఆనుకునే గోడ, ఒక పక్క చెయ్యి ఊని లేవడానికి ఆధారం తప్పకుండా ఉండాలి. ఇద్దరు ముగ్గురు పట్టే పొడవుండాలి. ఒక్కరే కూర్చునే అరుగు మీదికి పలకరించడానికి వచ్చినవాళ్లు నిలబడే వెళ్లిపోతారు. కొబ్బరి చెట్టు కింద మాత్రం కట్టించకండి, కాయ ఎప్పుడు రాలుతుందో మీకు నేను చెప్పాలా.

గుమ్మం నుంచి అరుగు దాకా దారి కూడా చూడాలి. వరద భయంతో మన వాళ్లు పునాది ఎత్తు లేపుతారు, అది మంచిదే, కానీ ఆ మెట్లకు పట్టుకునే కమ్మీ పెట్టరు. పెట్టించండి. నున్నటి టైల్సు మీద తడి పాదం జారుతుంది. అలాగని పీచు పట్టాలు ఊరికే పరవకండి, అంచు లేచి కాలికి తగిలితే జారడం కంటే ప్రమాదం. గరుకు టైల్సు వేయించడమో, అడుగున రబ్బరున్న పట్టా వేయడమో చేయండి. స్నానాల గదిలో గోడకు బిగించిన స్టీలు రాడ్డు ఒకటి కావాలి. పడిపోతానన్న భయం ఉన్నవాళ్లు నడక తగ్గించుకుంటారు, నడక తగ్గితే కాళ్లలో బలం ఇంకా పోతుంది. మీ అత్తగారు మంచం దిగకపోవడానికి ఇదీ ఒక కారణమేమో నెమ్మదిగా అడగండి.

నిద్ర విషయంలో కూడా ఆ అరుగే మందు అవుతుందని నా ఆశ. మన ఒంట్లో ఒక గడియారం ఉంటుంది, దాన్ని రోజూ సరిచేసేది పొద్దుటి వెలుగు. వయసు మళ్లినకొద్దీ కంటిలోని కటకం పసుపు తిరిగి లోపలికి వెళ్లే వెలుగు తగ్గుతుంది, కాబట్టి పెద్దవాళ్లకు మనకంటే ఎక్కువ వెలుగు కావాలి. మీరేమో ఆవిడకు వెనక గది ఇచ్చారు. అక్కడ పగటికీ రాత్రికీ పెద్ద తేడా తెలియదు, గడియారం గాడి తప్పుతుంది. ఉదయం ఏడింటికి కాఫీ గదిలోకి తీసుకెళ్లకుండా అరుగు దగ్గర ఇవ్వండి. అరగంట లేత ఎండలో కూర్చోనివ్వండి. వీలైతే ముందు గదికి, వెనక గదికి మనుషుల్ని మార్చండి. ఇలాంటి మార్పుకు పైసా ఖర్చు లేదు. "మావారు ఒప్పుకోరు" అంటారేమో, వారి అమ్మ కోసమే కదా.

ఇంకొకటి. ఊరికే కూర్చోబెడితే ఏ మనిషికైనా విసుగు. మీకు కొబ్బరి ఆకులకు కొదవ లేదు. అరుగు పక్కన రెండు మట్టలు, ఒక చిన్న చాకు ఉంచండి. ఈనెలు తీసి చీపురు కట్టడం ఆవిడ చేతికి పుట్టుకతో వచ్చిన పని. కట్టమని మీరు చెప్పక్కర్లేదు, చేతికి అందేలా ఉంచితే చాలు. ఇవన్నీ చేస్తూనే ఒకసారి ఆవిడ చెవులూ కళ్లూ డాక్టరుకు చూపించండి. వినిపించకపోవడం వల్ల మాట మానేసిన పెద్దవాళ్లను, శుక్లాల వల్ల బయటికి రావడం మానేసిన వాళ్లను నేను చాలా ఇళ్లలో చూశాను. అరుగు కట్టించినంత మాత్రాన ఆ లోటు తీరదు.

ఇక హాలు. వేసవి ముందు, అంటే ఫాల్గుణంలోనే, ముందు డాబా శుభ్రంగా కడిగించి రెండు మూడు పూతలు సున్నం వేయించండి. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది, శ్లాబు తక్కువ వేడెక్కుతుంది. ఇది నా సొంత చిట్కా కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ల కప్పులను ఇలా చల్లబరచడానికి కూల్ రూఫ్ పాలసీ అనే ఒక విధానమే తెచ్చింది. సున్నం వానలకు పోతుంది, ఏటా వేయించుకోవాలి. పడమటి గోడకు ఎండ తగలకుండా తాటాకు తడికలో, కొబ్బరాకు పందిరో వేయించండి. తుపాను హెచ్చరిక వస్తే విప్పి లోపల పడేసేలా కట్టమనండి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం పైరగాలి మళ్లగానే రెండు పక్కలా కిటికీలు తెరవండి, దోమలకు జాలీ తలుపులు ఉంటే సరి. ఇంత చేసినా హాలు ఉడుకుతూనే ఉంటే, ఒక పడగ్గది ఏసీ తీసి హాల్లో పెట్టించండి. వింతగా అనిపించినా నేను నిజంగానే అంటున్నాను. ఒకే ఒక్క చల్లని గది ఉండాలంటే అది అందరూ కూర్చునే గది కావాలి.

కంచాల సంగతి. పైకి పంపుతున్నది ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ ఇంట్లో మాటలు తగ్గడానికి ఏసీ తరవాత కారణం అదే. అన్నం పైకి ఎక్కుతున్నంత కాలం పిల్లలు కిందికి దిగాల్సిన అవసరం లేదు. కోప్పడకుండా, ఉపన్యాసం ఇవ్వకుండా, "రేపటి నుంచి రాత్రి భోజనం కిందే" అని ఒక మాట చెప్పి, ఆ మాట మీద ఉండండి. పరీక్షల రోజుల్లో అమ్మాయికి మినహాయింపు ఇవ్వొచ్చు. దానికి ముందు మీ డైనింగ్ టేబుల్ ఎలా ఉందో చూడండి. మన ఇళ్లలో దాని మీద మందుల డబ్బాలు, కరెంటు బిల్లులు, పచ్చడి సీసాలు, ఇస్త్రీ బట్టలు ఉంటాయి. నలుగురు కూర్చోవాలంటే ముందు సర్దాలి, సర్దడం ఎందుకని ఎవరి కంచం వాళ్లు పట్టుకుపోతారు. పక్కన ఒక చిన్న అలమర పెట్టి ఆ సరుకంతా అందులోకి మార్చండి. బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. దాని పైన తెల్లటి ట్యూబ్‌లైటుకు బదులు, కాస్త పసుపుపచ్చటి వెలుగునిచ్చే బల్బు ఒకటి కిందికి వేలాడదీయండి. బల్ల మీద వెలుగుండి చుట్టూ తగ్గితే మనుషులు దగ్గరగా జరుగుతారు, ఇది మీరే చూస్తారు.

మీవారిని టీవీ మాన్పించాలని చూడకండి, గొడవ అవుతుంది. బల్ల దగ్గర ఆయన కూర్చునే కుర్చీకి టీవీ వీపు వైపు పడేలా బల్ల తిప్పండి. వార్తలు చెవిన పడుతూనే ఉంటాయి, కళ్లు మీ మీద ఉంటాయి. కొన్నాళ్లకు ఆయనే శబ్దం తగ్గిస్తారని నా అనుభవం.

అబ్బాయి పని చేసుకునే బల్ల గోడకు ఎదురుగా ఉందా, కిటికీకి ఎదురుగా ఉందా? గోడకైతే తిప్పించండి, తోట కనిపించాలి. అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన 1984లో ఒక పరిశోధన అచ్చువేశారు. ఒకే ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్న 23 మందిని, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్న 23 మందితో పోల్చి చూశారు. చెట్లు చూసినవాళ్లు కాస్త ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. చెట్టు చూడడానికి అంత విలువ ఉంటే, కోనసీమలో ఉండి గోడ చూస్తూ పనిచేయడం ఎందుకు?

ఇప్పుడు మీ గురించి. మీ డైరీ ఎక్కడుంది? బీరువాలోనో, మంచం పక్క సొరుగులోనో ఉంటుంది. పెన్ను ఇంకోచోట. పన్నెండు పనులు ముగించుకుని రాత్రి పదిన్నరకు వచ్చి, సొరుగు తీసి, పెన్ను వెతుక్కుని, ఖాళీ పేజీ ముందు కూర్చోవాలి. అది మెరక. పల్లం మీ వంటింట్లోనే ఉంది. గోడకు తెలుగు క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది కదా. దాని గడుల్లో పాల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ, పనిమనిషి రాని రోజు రాస్తుంటారు. ఏళ్ల తరబడి ఒక్కరోజూ తప్పకుండా రాస్తున్న మనిషికి రాసే అలవాటు లేదని ఎలా అంటాం? ఆ పాల లెక్క పక్కనే, ఆ రోజు బాగా అనిపించినది మూడు నాలుగు మాటల్లో రాయండి. "అమ్మాయి నవ్వింది." "మొదటి వాన." "పనస ముక్క, పక్కింటి వదిన." గడి చిన్నది, కాబట్టి ఎక్కువ రాయాలన్న టెన్షన్ ఉండదు. పెన్ను క్యాలెండరుకే దారంతో కట్టేయండి. రోజూ తోచకపోతే వారానికోసారి రాసినా తప్పు లేదు. ఎమ్మన్స్, మెకల్లా అనే ఇద్దరు 2003లో అచ్చువేసిన పరిశోధనలో ఒక గుంపు వారానికి ఒక్కసారే, పది వారాలు, తమకు జరిగిన మేళ్లను రాసుకుంది. వాళ్లు తమ జీవితం పట్ల మిగతావాళ్లకంటే తృప్తిగా ఉన్నట్టు చెప్పారు.

ధ్యానం యాప్ తీసేయండి. ఫోన్ తెరిచి ధ్యానంలోకి వెళ్లాలంటే దారిలో వాట్సాప్ ఉంది, అది దాటి వెళ్లడం ఎవరికైనా కష్టం. సాయంత్రం తులసికోట దగ్గరో, దేవుడి గూటిలోనో దీపం పెడతారు కదా. ఇప్పుడైతే పెట్టేసి వెంటనే స్టవ్ దగ్గరికి వెళ్లిపోతుంటారు. అక్కడ ఒక పీట వేసి ఉంచండి. పీట ఉంటే కూర్చుంటారు. దీపం వైపు చూస్తూ మీ ఊపిరి మీరు గమనించుకుంటూ మూడు నాలుగు నిమిషాలు చాలు. ఫోన్ ఛార్జింగు పడగ్గదిలోంచి హాల్లోకి మార్చండి, రాత్రి మంచం మీదికి అది రాకూడదు.

నడక నిలవకపోవడానికి కారణం ఒంటరిగా వెళ్లడమేనని నా ఊహ. మీ గేటు ఊచలది అయ్యాక, గట్టు మీదికి వెళ్లే ఏ వదినో పిన్నో బయటి నుంచే "వస్తున్నావా" అని కేక వేస్తుంది. రేకు గేటు ముందు నిలబడి కాలింగ్ బెల్లు నొక్కి పిలవాలంటే మొహమాటపడతారు. నడక చెప్పుల్ని బీరువా పైనుంచి దించి వీధి మెట్టు దగ్గర పెట్టండి.

ఎన్నాళ్లకు అలవాటవుతుందని అడుగుతారేమో. లండన్ యూనివర్సిటీ కాలేజీలో 96 మందిని 12 వారాలు గమనించి 2010లో అచ్చువేసిన లెక్క ప్రకారం, ఒక కొత్త పని దానంతటదే జరిగిపోయే అలవాటు కావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజులు పడుతుందని అంచనా. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. మీరు తొమ్మిదో రోజుకే మీ మీద మీరు తీర్పు చెప్పుకున్నారు. మన కాలువలు వేసవిలో ప్రతి ఏడూ కట్టేస్తారు, పూడిక తీస్తారు, మళ్లీ వదులుతారు. ఆ నెలా నెలన్నర చూసి కాలువ చెడిపోయిందని ఏ రైతూ అనడు.

ఒక మాట అడగాలని ఉంది, అడగవచ్చో లేదో. మీ ఉత్తరంలో అందరి చోటూ రాశారు. అబ్బాయి, అమ్మాయి పైన. మీవారు టీవీ ముందు. అత్తగారు వెనక గదిలో. మీరు ఎక్కడ కూర్చుంటారో రాయలేదు. ఆ ఇంట్లో మీకంటూ ఒక కుర్చీ ఉందా?

మండువా లోగిళ్లను నేను ఇంతగా పొగుడుతున్నాను కానీ, వాటిలో లేనిది కూడా ఇదే. వంటిల్లు పెరటి వైపు ఒక చీకటి మూల, పొయ్యి పొగ. ఆడవాళ్లు అందరికీ పెట్టి చివర్న, పీట కూడా లేకుండా గోడకు ఆనుకుని తినేవాళ్లు. వీధి అరుగు మీద అందరికీ చోటు ఉండేది కాదు, కింద చేతులు కట్టుకుని నిలబడాల్సిన మనుషులు ఉండేవాళ్లు. ఆ ఇల్లు పోయిందని అన్నిటికీ దిగులు పడక్కర్లేదు. గాలినీ, వెలుగునూ, నలుగురూ చేరే చోటునూ మాత్రం దాన్నుంచి తెచ్చుకుందాం. మీరు కట్టించే కొత్త అరుగు మీద కొబ్బరికాయలు దింపే కూలీ కూడా కూర్చుని మంచినీళ్లు తాగాలని నా కోరిక.

మీ కుర్చీ కోసం వంటగది కిటికీ పక్కన చోటు చూడండి. పెరటి గుమ్మం దగ్గరైనా సరే. మీ ఎత్తుకు సరిపోయేది, చేతులున్నది, మడతపెట్టి పక్కన పెట్టేయనిది. దాని మీద ఇస్త్రీ బట్టలు ఎవరూ వేయకూడదు. మధ్యాహ్నం మూడింటికి టీ ఆ కుర్చీలో కూర్చునే తాగండి, నిలబడి వద్దు.

ఇంత చెప్పాక కూడా, మనసు బాగుండకపోవడం అన్న మాటను నేను తేలిగ్గా తీసుకోను. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఇష్టమైనవేవీ ఇష్టంగా అనిపించకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా కుర్చీలూ కిటికీలూ చూసుకుంటూ కూర్చోకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. అత్తగారి గురించి కూడా అడగవచ్చు.

అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఈ ఆదివారం క్యాలెండరుకు పెన్ను కట్టి, కంచాలు కిందికి దించి, అత్తగారి కోసం మామూలు చేతుల కుర్చీ ఒకటి గేటు లోపల వేసి, ఆ ఒక్క సాయంత్రం గేటు బార్లా తీసి ఉంచండి. ఆవిడ ఎంతసేపు కూర్చున్నారో చూశాక అరుగు ఎక్కడ కట్టాలో తేల్చుకోవచ్చు. మళ్లీ రాసేటప్పుడు హాలు పొడవు వెడల్పులు, పడమటి ఎండ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఏ గోడకు తగులుతుందో రాయండి, పందిరి ఎంత ముందుకు రావాలో లెక్క కట్టి చెబుతాను. గేటు తెరిచిన సాయంత్రం అత్తగారిని మొదట ఎవరు పలకరించారో ఆ రోజు గడిలో రాసిపెట్టండి, నాకు కూడా రాయండి.